డ్రమ్ తిరుగుతోంది, వేడి మాత్రం లేదు

డాలస్‌లో మా ఇంటి డ్రైయర్ గిర్రున తిరుగుతూనే ఉంది, బట్టలు మాత్రం తడిగానే బయటికొస్తున్నాయి. కొత్తది కొనేద్దామన్నారు ఇంట్లో. నాకు మనసొప్పలేదు.

ఇక్కడ కరెంటు డ్రైయర్‌కి 240 వోల్టులు వస్తాయి, 120 చొప్పున రెండు లైన్లలో. మామూలుగా మోటారుకి ఒక్క లైను చాలు, హీటర్‌కి రెండూ కావాలి. అందుకే బ్రేకర్‌లో ఒక పక్క పోతే డ్రమ్ తిరుగుతూనే ఉండొచ్చు, వేడి మాత్రం రాదు. ముందు బ్రేకర్ పూర్తిగా ఆపి మళ్లీ వేశాను. మార్పు లేదు. ప్లగ్ పీకి, వెనక రేకు విప్పి, వైర్లు తీసి మల్టీమీటర్ పెట్టాను. హీటర్ కాయిల్ 10 ఓమ్‌ల దగ్గర చూపించింది, బాగానే ఉంది. పక్కనున్న థర్మల్ కటాఫ్ (వేడి మరీ ఎక్కువైతే హీటర్‌కి కరెంటు ఆపేసే చిన్న భాగం) దగ్గర మీటర్ బీప్ అనలేదు, అంటే అది పోయింది.

అది ఊరికే పోదు కదా! గాలి గొట్టం విప్పితే లోపలంతా దూదిలా పేరుకుపోయిన నూగు. వేడిగాలి పోవడానికి దారే లేదు. కటాఫ్ ఒక్కటే మార్చి ఊరుకుంటే మళ్లీ పోతుంది, పైగా నిప్పంటుకునే ప్రమాదం. చిన్నపిల్లలున్న ఇల్లు, అది చూసి నిజంగా భయమేసింది. గొట్టం మొత్తం శుభ్రం చేసి కొత్త కటాఫ్, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ వేశాను. ఇప్పుడు తువ్వాళ్లు వేడివేడిగా వస్తున్నాయి.

ఇంట్లో డ్రైయర్ ఉన్నవాళ్లు ఈ శనివారం ఒకసారి గొట్టం విప్పి చూడండి, ప్లగ్ పీకాకే.