పెన్సిల్ ఎవరి చేతిలో ఉంది

ఈరోజు రెండో పీరియడ్ అంతా మూడో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. పాఠం ఎలా చెబుతున్నారో చూడ్డానికి రాలేదని, పిల్లలు తమంతట తాము ఎంతసేపు ఆలోచిస్తున్నారో చూద్దామని వచ్చానని టీచర్‌కి ముందే చెప్పాను. అయినా ఆవిడ కాస్త టెన్షన్ పడ్డారు, హెచ్.ఎం. వచ్చి కూర్చుంటే ఎవరికైనా అంతే.

నా ముందు ఒక పాప 52లోంచి 27 తీసేస్తోంది. 35 అని రాసింది. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసింది. ఇది అజాగ్రత్త కాదు, పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలని తనకు తానే ఒక నియమం పెట్టుకుంది, ఆ వయసులో చాలామంది అలాగే చేస్తారు. టీచర్ అటుగా వచ్చారు, చూశారు, పాప చేతిలోంచి పెన్సిల్ తీసుకుని 5 కొట్టేసి 4 వేశారు, 2ని 12 చేశారు, "చూడు, 25" అని పక్క బెంచీకి వెళ్ళిపోయారు. నలభై మంది పిల్లలున్న గదిలో అంతకన్నా టైమ్ ఎక్కడిది, నాకూ తెలుసు. పాప 25 వేసుకుంది. తర్వాతి లెక్క 61లోంచి 38. మళ్ళీ 37 అని రాసింది.

దగ్గరికి వెళ్ళి, "ఇది రైటో కాదో నన్ను అడక్కుండా ఎలా తెలుసుకుంటావమ్మా?" అన్నాను. నోట్‌బుక్ వదిలేసి నా ముఖంలోకి చూసింది. పిల్లలు జవాబు మన ముఖంలో వెతుక్కుంటారు, అందుకే నేను లెక్క వైపే చూస్తూ ఉండిపోయాను. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. కాసేపటికి తనే 37కి 38 కూడింది. 75 వచ్చింది. "61 రావాలి కదా మేడమ్" అంది మెల్లగా. పదేసి పుల్లల కట్టలు తెచ్చుకుంది, ఆరు కట్టలు, ఒక విడి పుల్ల. ఎనిమిది తీయడానికి పుల్లలు చాలక ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు తనే ఊడదీసింది. 23. ఈసారి నా వైపు చూడనే లేదు, మళ్ళీ 38 కూడి సరిచూసుకుంది.

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో రికార్డు చేసిన టేపులు విని చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అసలు నోరు విప్పనివాళ్ళు తగ్గారు, పిల్లలే ప్రశ్నలు అడగడం పెరిగింది. 1970ల నాటి మాట ఇది. మా స్టాఫ్ మీటింగుల్లో నేనే చాలాసార్లు చెప్పాను.

సాయంత్రం ఆ టీచరే వచ్చే వారం లెసన్ ప్లాన్ తెచ్చారు. చదువుతూ ఎర్ర పెన్ను మూత తీశాను, మూడో లైన్ కొట్టేసి పైన నా వాక్యం రాయబోయాను. పొద్దున చూసిన పెన్సిల్ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా వీళ్ళ ప్లాన్లు దిద్దింది నేనే, తల్లిదండ్రులకు ఏం చెప్పాలో, ఏ పిల్లవాడిని ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా నన్నే అడుగుతారు, నేను వెంటనే చెప్పేస్తాను. చిన్న నిర్ణయం కూడా సొంతంగా తీసుకోనివ్వకుండా, పిల్లల్ని సొంతంగా ఆలోచించనివ్వండని వీళ్ళకు ఎలా చెబుతున్నాను? చాలా బాధనిపించింది. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే పరిశోధకులు 21 చెక్కముక్కల పిరమిడ్‌తో చిన్నపిల్లల మీద ఒక అధ్యయనం చేశారు. అందులో నేర్పే మనిషి ముందు మాటసాయం చేసేది, అది చాలకపోతేనే చెయ్యి కలిపేది. ఆ వరస పెద్దవాళ్ళకీ కావాలి.

పెన్ను మూత పెట్టేశాను. పొద్దున ఆ పాప ఏం చేసిందో ఆవిడకు మొత్తం చెప్పాను, పుల్లలు, రబ్బరు బ్యాండు, 75, అన్నీ. "ఇప్పుడు ఈ ప్లాన్‌లో మీరైతే ఏం మారుస్తారు టీచర్?" అని అడిగాను. ఆవిడ కూడా ముందు నా ముఖమే చూశారు. నేను కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. మూడు సెకన్ల కన్నా చాలా ఎక్కువే పట్టింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, "సరిచూసుకోవడం ముందు నేర్పి, తీసివేత తర్వాత మొదలుపెడితే?" అన్నారు.

నాకు ఆ ఆలోచన రాలేదు.