సింగిడా బస్సులో పక్క సీటు

టాంజానియా రాజధాని డొడోమా దాకా కొత్త రైలు హాయిగా తెచ్చి దింపింది. అసలు యాతన అక్కడి నుంచి సింగిడా వెళ్లే బస్సులోనే. 240 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూగా. టికెట్ మీద ఒక టైము, కండక్టర్ నోట ఇంకో టైము, బస్సు కదిలింది మాత్రం మూడో టైముకి. బ్యాగుకి వేరే డబ్బులట. బయటి మొహం చూసి అడుగుతున్నాడని తెలుస్తూనే ఉంది, ఇచ్చేశాను. దారెస్సలాంలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇలాంటి వాటికి పోట్లాడే ఓపిక పోయింది.

పక్క సీట్లో ఒక హైస్కూలు మాస్టారు, కిటికీ దగ్గర వాళ్లమ్మ. పెద్దావిడ కదా అని "షికమో" అన్నాను. "మరహబా" అని దీవించినట్టుగా అనేసి కొడుకు వైపు తిరిగింది. ఇక వాళ్లిద్దరి మాటలు ఆగలేదు. నాకొచ్చిన అరకొర స్వాహిలికి ఒక్కో మాట చిక్కినట్టే చిక్కి జారిపోతోంది. వాళ్ల భాషా స్వాహిలీ రెండూ ఆఫ్రికాలోని బంటు కుటుంబం భాషలే మరి.

మాస్టారు నా అవస్థ కనిపెట్టాడు. అది కిన్యతురు, అంటే తురు భాష. వాళ్లలో వాళ్లు కిరిమి అని కూడా అనుకుంటారట.

"రాస్తారా దీన్ని?" అన్నాను.

టికెట్ వెనక్కి తిప్పి రాసి చూపించాడు. రోమన్ అక్షరాలే. స్వాహిలికి అచ్చులు ఐదు కాబట్టి ఆ అక్షరాలు సరిగ్గా సరిపోయాయి. తురుకి ఏడు. మిగిలిన రెండిటి కోసం 'ఐ' అక్షరానికీ 'యు' అక్షరానికీ నడుముకి అడ్డంగా గీత గీశాడు, బస్సు కుదుపుకి ఒక గీత కాగితం అంచు దాకా పోయింది. ఫోన్లో ఆ గీత కోసం ఎవరు వెతుకుతారు? గీత లేకుండానే కొట్టేస్తారు. పైగా గొంతు ఎత్తడం దించడంతో అర్థం మారిపోయే భాష. మనం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడితే పాటా పాతా ఒకేలా కనబడతాయే, అదే గోల ఇక్కడ ఇంకో రెండింతలు.

"మరి అమ్మగారికి మెసేజ్ ఎలా పెడతారు?"

నవ్వి ఫోన్ తీశాడు. కిందికి ఎంత జరిపినా వాయిస్ మెసేజ్‌లే. ఒకటి మోగించబోతే ఆవిడ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. ఇంటి గుట్టు బస్సులో ఎందుకనేమో.

మన్యోనీలో బస్సు ఆగగానే కిటికీల్లోంచి తేనె సీసాలు, ఉడికించిన గుడ్లు, ఉల్లిపాయలు లోపలికి వచ్చేశాయి. పెద్దావిడ తేనె బేరం స్వాహిలిలోనే ఆడింది, అదీ నాకంటే వందరెట్లు గట్టిగా. భాష రాక కాదన్నమాట నాతో మాట్లాడనిది!

ప్రైమరీ బడి అంతా స్వాహిలి, హైస్కూలు ఇంగ్లీషు. తురుకి రెండిట్లోనూ పీట లేదు. 120కి పైగా భాషలున్న దేశాన్ని స్వాహిలి ఒక్కతాటి మీద నిలబెట్టిందని దారెస్సలాంలో అందరూ గర్వంగా చెబుతారు, కాదనను. మన దగ్గర భాషల పేరిట జరిగినవి గుర్తొస్తే ఈర్ష్య కూడా కలుగుతుంది. కానీ అమ్మతో తురులో తప్ప మాట్లాడని మనిషి బడికెళ్లి పిల్లలకు ఇంగ్లీషు చెబుతాడు, తన భాషకి రాత ఉందని చూపించడానికి బస్సు టికెట్ వెతుక్కుంటాడు. ఇది మాత్రం నాకు మింగుడుపడలేదు. 1964లోనే హోవర్డ్ ఓల్సన్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ ఈ భాష ధ్వనుల మీద, పదనిర్మాణం మీద పరిశోధన రాశాడు. మాస్టారికి ఆ సంగతి నేను చెబితేనే తెలిసింది.

తల్లీకొడుకులు ఇకుంగిలో దిగిపోయారు.

సింగిడాలో గుండ్రాళ్ల గుట్టలు, సింగిడాని అనే ఉప్పునీటి చెరువు చూశాను, బాగున్నాయి. నాటుకోడి పేరు మోసిన ఊరు కదా, కూర అద్భుతం, రేటు మాత్రం దారెస్సలాం రేటే. ఊరంతా బోర్డులు చదువుకుంటూ తిరిగాను. స్వాహిలి, ఇంగ్లీషు, తేనె రంగు గోడల మీద సెల్‌ఫోన్ కంపెనీల ప్రకటనలు. తురులో ఒక్క ముక్క కనబడలేదు. బడిపుస్తకాలు అమ్మే కొట్టులో అడిగితే యజమాని ఆశ్చర్యంగా చూశాడు. తను కూడా తురువాడేనట. "అలాంటివి చర్చిలో ఏమన్నా ఉంటాయేమో, ఆదివారం వెళ్లి అడుగు" అన్నాడు. ఆ రోజు గురువారం, నా తిరుగు బస్సు మర్నాడు తెల్లవారుజామున.