టెఫ్లాన్ మీద నీటి చుక్క: తుడవడమే కొంప ముంచింది

నాలుగు రోజుల తలనొప్పికి కారణం నిన్న రాత్రి దొరికింది. గుడ్డ!

టెఫ్లాన్ మీద జారే చుక్క వెనకాల మైనస్ చార్జ్ వదిలి, తను ప్లస్ అవుతుంది కదా, దాన్నే కొలుస్తున్నాను. 50 డిగ్రీల వాలు, 6 సెం.మీ. జారుడు, కింద చుక్కను పట్టే స్టీలు గ్లాసు, దానికి కలిపిన సీఏ3140 (ఆప్-ఆంప్ అనే యాంప్లిఫయర్ చిప్), దాని ఫీడ్‌బ్యాక్‌లో 1 నానోఫారడ్ కెపాసిటర్. అంటే 1 నానోకూలంబ్ పడితే 1 వోల్ట్. టీఎల్072 అనే మరో ఆప్-ఆంప్‌తో మాత్రం పెట్టుకోకండి, చుక్క పడకపోయినా రీడింగ్ పాకుతూనే ఉంటుంది.

సోమవారం వరసగా చుక్కలు వదిలితే మొదటిది 0.84 నానోకూలంబ్ (కింది అంకెలన్నీ ఇవే), రెండోది 0.61, ఐదోది 0.33, పదోది 0.22. ముందు చుక్కల చార్జ్ షీట్ మీద మిగిలే ఉంటుంది కాబట్టి ఇలా తగ్గాల్సిందే. మంగళవారం షీట్ తుడిచి మొదలుపెడితే మొదటి చుక్కే 2.6! బుధవారం 1.9. నీళ్ళేమో అనుకున్నా. మా అనంతపురం బోరు నీళ్ళలో లవణాలెక్కువని ముందు నుంచీ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరే వాడుతున్నా. కొత్త బాటిల్ తెచ్చినా అంతే. చుక్క సైజు కూడా మారలేదు, 100 చుక్కలకు 3 మి.లీ.

చివరికి చుక్కను షీట్ మీద పడనివ్వకుండా, ఎర్త్ చేసిన సూది నుంచి నేరుగా గ్లాసులోకి వదిలాను. 0.01. తుడిచిన షీట్‌ను సూది పక్కకు సెంటీమీటరు దూరంలోకి తెచ్చాను. కొసన వేలాడుతున్న చుక్క షీట్ వైపు వంగింది! దాన్ని తాకకుండానే గ్లాసులో పడి 1.7 చూపించింది. అమ్మ పాత కాటన్ చీర ముక్కతో తుడుస్తున్నా. ఆ రాపిడికి టెఫ్లాన్ మైనస్ అయ్యి, సూదిలోంచి చుక్కలోకి ప్లస్‌ను లాగుతోంది. 1867లో కెల్విన్ నీటి చుక్కలతో వేల వోల్టులు పుట్టించింది, ఇలా తాకకుండానే చార్జ్‌ను లాగే ఈ ఇండక్షన్‌తోనే.

షీట్‌ను రెండు గంటలు ఊరికే వదిలేసి మళ్ళీ సూది పక్కన పెట్టినా ఇంకా 1.2 ఉంది. గదిలో తేమ 24 శాతం, చార్జ్ ఎక్కడికి పోతుంది? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, తుడవకుండా నిలబెట్టి ఆరబెడితే 0.15కి దిగింది. అయినా జారే చుక్కల్లో మొదటిది 0.6కీ 0.9కీ మధ్య ఊగుతోంది. షీట్ వెనక వైపు కడగలేదు, మిగతా చార్జ్ అక్కడుందని నా అనుమానం.

ఈ ఆదివారం స్పిరిట్ దీపం మంటను షీట్ ముందు ఆడించి చూస్తా, మంటలో రెండు రకాల అయాన్లూ ఉంటాయి. ఐసోప్రొపైల్ పూర్తిగా ఆరి, వాసన పోయాకే సుమా. అది కుదిరితే బోరు నీళ్ళు. వానలు పడి తేమ పెరిగాక ఇవే కొలతలు మళ్ళీ తీయాలి.