విపత్తుల మీద థీసిస్ రాసి బయటపడ్డా - నా అనుభవం

చెన్నైలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేస్తున్నా. రెండో ఏడాది థీసిస్ టాపిక్ ఇవ్వమంటే చాలా తెలివిగా అనుకుని "విపత్తుల ఎపిడెమియాలజీలో రీసెర్చ్ ఎటు పోతోంది" అని రివ్యూ తీసుకున్నా, అంటే విపత్తుల్లో ఎవరికి ఏ జబ్బులు, చావులు ఎందుకొస్తాయో చూసిన పాత పేపర్లన్నీ ఒకచోట చేర్చి చూడటం, ఎండలో పడి ఇల్లిల్లూ తిరగక్కర్లేదు ఏసీ లైబ్రరీలో కూర్చుని పేపర్లు చదవడమేగా అని. ఎంత పిచ్చిదాన్నో!

వైద్య పేపర్లు దొరికే పబ్‌మెడ్ సైట్‌లో మొదటిసారి సెర్చ్ కొడితే వేలల్లో వచ్చి పడ్డాయి. డిజాస్టర్ అనే మాట ప్రతి డాక్టరూ వాడేస్తాడు మరి, ఆపరేషన్ చెడినా డిజాస్టరే. సెర్చ్ పదాలు మార్చీ మార్చీ ఓ లెక్కకి తెచ్చాక స్క్రీనింగ్, అంటే ఏ పేపర్ ఉంచాలో ఏది తీసెయ్యాలో చూడటం, అది ఇద్దరు విడివిడిగా చెయ్యాలి, నాకు దొరికింది మా రూమ్మేట్, నెల్లూరు పిల్ల, వారానికో బిర్యానీ లంచం. తీరా ఇద్దరి కప్పా (ఇద్దరి నిర్ణయాలు ఎంత కలిశాయో చెప్పే లెక్క, పూర్తిగా కలిస్తే 1) చూస్తే 0.41, గైడ్ మేడమ్ ఏం అనలేదు గానీ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. గొడవంతా వడగాడ్పుల పేపర్ల దగ్గరే. "ఎండ కూడా విపత్తేంటే, మాకు మే నెలంతా అదేగా" అంటది. అహ్మదాబాద్‌లో 2010 మేలో మామూలు కంటే 1,344 మంది ఎక్కువ చనిపోయారు, 2013లో అక్కడ వడగాడ్పుల నుంచి జనాన్ని కాపాడ్డానికి హీట్ యాక్షన్ ప్లాన్ పెట్టారు అని పేపర్ తీసి చూపిస్తే అప్పుడు తగ్గింది.

పాత పేపర్లలో నన్ను ఆపేసింది 1970 భోలా తుఫాను తర్వాత సొమ్మర్, మోస్లీ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన సర్వే. అప్పటి తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) ఊళ్ళలో తిరిగి ఎవరు ఎక్కువ పోయారో చూశారు, పిల్లలు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు. బతికినవాళ్ళకేమో ఛాతీ మీద, చేతుల మీద, తొడల మీద చర్మం గీరుకుపోయి ఉంది, నీళ్ళలో చెట్లని కావలించుకుని ఉన్నారు కదా అందుకు. ఇది చదివి వెంటనే అమ్మమ్మకి ఫోన్ చేశా, మాది దివిసీమ, 1977 నవంబర్ 19 ఉప్పెన ఆవిడ చూసిందే. "మీ తాతయ్య ఛాతీ మీద గీతలు నువ్వు చూళ్ళేదూ, తాటిచెట్టువే అవి" అంది మామూలుగా. తర్వాత తనే అంది, "మా అత్త ఉప్పెనకి పోలేదమ్మా, సంక్రాంతి వెళ్ళాక పోయింది, ఇల్లు లేదు, మందు లేదు. ఆ లెక్కలో మా అత్తని ఎవరు రాస్తారు".

కొత్త పేపర్లన్నీ ఈ ప్రశ్న చుట్టే తిరుగుతున్నాయని అప్పుడు బుర్రకెక్కింది. అమెరికా కింద ఉండే ప్యూర్టో రికో దీవిలో 2017 సెప్టెంబర్ మరియా తుఫానుకి పోయింది 64 మంది అని ప్రభుత్వం మొదట చెప్పింది, తర్వాత జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు 2018 ఫిబ్రవరి దాకా అదనపు మరణాలు, అంటే మామూలు కంటే ఎక్కువ పోయినవాళ్ళని, లెక్కేస్తే 2,975. కరెంట్ లేక, డయాలసిస్ అందక, దారి తెగి పోయినవాళ్ళు కూడా అందులోకి వస్తారు. ముందు గాయాలు, అంటురోగాలు చూసేవాళ్ళు కాస్తా ఇప్పుడు షుగరు, బీపీ, మానసిక సమస్యలు, ఏళ్ళ తర్వాత ఏమవుతోందన్నది చూస్తున్నారు. మేడమ్‌ది చెన్నైలోనే కొట్టూర్పురం, 2015 వరదలప్పుడు వాళ్ళ నాన్నగారి ఇన్సులిన్ మట్టికుండలో పెట్టి కాపాడారంట, ఈ చాప్టర్ మాత్రం ఒక్క గీత కొట్టకుండా ఇచ్చింది.

ఇక ప్రిస్మా చార్ట్, రివ్యూలో పేపర్ల లెక్క చూపించే బొమ్మ. ఎన్ని దొరికాయి, ఎన్ని తీసేశాం, ఎన్ని మిగిలాయి, అన్నీ కూడితే సరిపోవాలి, నాకు మూడు తక్కువ. రెండు రాత్రులు వెతికా. డూప్లికేట్లు అనుకుని నేనే తీసేసిన మూడు, పేరొకటే గానీ పేపర్లు వేరు.

వైవాలో (థీసిస్ మీద నోటి పరీక్ష) బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒకటే అడిగారు, తుఫాను మరణాలు ఎన్ని నెలల దాకా లెక్కపెట్టాలని. ఒక్కో స్టడీ ఒక్కో గడువు పెట్టుకుంది సార్, అందుకే ఒకదాంతో ఒకటి పోల్చలేకపోయా అన్నా. తలూపి రెండు కరెక్షన్లు రాశారు, రెండూ టేబుల్ 3లోవే. థాంక్స్ పేజీలో అమ్మమ్మ వాళ్ళ అత్తగారి పేరుంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.