కోంక్‌లో సంకెళ్ల ఇనుము

పోయినేడు మా తమ్ముడు గల్ఫ్‌లో చిక్కుకుపోయాడు. ఒక ఏజెంటు చేతిలో మోసపోయి, కాగితాలు లేక, నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. ఊళ్లో అమ్మ గుణదల మాతకు మొక్కుకుంది. నేనుండేది ఫ్రాన్స్‌లో, తూలూజ్‌లో. ఇక్కడ దేవాలయంలో ఒక పెద్దావిడ నా ఏడుపు చూసి, "కోంక్ ఊళ్లో సెంత్ ఫ్వా, అంటే పునీత ఫ్వా ఉంది, ఖైదీల కోసం ప్రార్థించే తల్లి, ఆమెకు చెప్పుకో" అంది. చెప్పుకున్నాను. వాడు ఇంటికి చేరిన నెలకి మొక్కు తీర్చడానికి బయల్దేరాను.

ఫ్రాన్స్‌లోని లె పుయి పట్నం నుంచి స్పెయిన్‌లోని సాంటియాగో పుణ్యక్షేత్రానికి పోయే పాత యాత్రామార్గంలో కోంక్ ఒక మజిలీ. లె పుయి నుంచి అక్కడికే దాదాపు 200 కిలోమీటర్లు. నాకు అంత సెలవు దొరకలేదు. లోత్ నది ఒడ్డున ఎస్తాన్‌లో మొదలుపెట్టి చివరి రెండు రోజులు నడిచాను. ఆఖరి దిగుడు అంతా రాళ్లే. మోకాలు పట్టేసింది, జపమాల చెప్పుకుంటూ ఒక్కో అడుగు వేశాను. చెట్ల మధ్య నుంచి ఒక్కసారిగా గుడి గోపురాలు, పలకరాతి కప్పుల ఇళ్లు కనబడేసరికి కళ్లు చెమర్చాయి.

ఊష్ వాగు దూర్దూ ఏటిలో కలిసే చోట, కొండవాలుకి అతుక్కుని ఉంటుంది ఊరు. చుట్టూ కొండలు గవ్వలా వంగి ఉంటాయి, కోంక్ అనే పేరు కూడా లాటిన్‌లో గవ్వ అనే మాట నుంచే వచ్చిందంటారు.

ఫ్రెంచిలో ఫ్వా అంటే విశ్వాసం. 303 ప్రాంతంలో అజాన్ పట్నంలో వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చేనాటికి ఆ పిల్లకి పన్నెండేళ్లని చెబుతారు. 866లో కోంక్ సన్యాసి ఒకాయన ఆమె అవశేషాలను అజాన్ నుంచి రహస్యంగా తెచ్చేశాడు. అది దొంగతనమేగా అని నా మనసు కొంచెం నొచ్చుకుంది. కానీ ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఈ ఊరివాళ్లు గుడి నిధిని తమ ఇళ్లలో దాచి, తర్వాత తిరిగి అప్పజెప్పారని విన్నాక గౌరవం పెరిగింది. రత్నాలు పొదిగిన ఆమె బంగారు విగ్రహం ఇప్పటికీ మ్యూజియంలో ఉంది. పెద్ద కళ్లతో నేరుగా మనకేసే చూస్తుంది.

రాత్రి ప్రార్థన అయ్యాక గురువుగారు మమ్మల్ని పడమటి ద్వారం దగ్గర నిలబెట్టి, పైనున్న తుదితీర్పు శిల్పాన్ని వివరించారు. 124 బొమ్మలు. కొన్నిటి మీద పాత రంగు ఇంకా మిగిలే ఉంది. అందరూ నరకంలోని దయ్యాలను చూస్తున్నారు. నా కళ్లు ఎడమవైపు ఒక చిన్న మూల దగ్గర ఆగిపోయాయి. ఫ్వా సాష్టాంగపడి ఉంది, మేఘంలోంచి దేవుడి చెయ్యి ఆమె మీదికి చాచి ఉంది. ఆమె వెనక గుడి కమానులకి వేలాడేవి ఏమిటా అని చూస్తే, సంకెళ్లు. ఆమె ప్రార్థనతో విడుదలైనవాళ్లు తెచ్చి ఇచ్చినవట.

మర్నాడు పొద్దున లోపలికి వెళ్లాను. సూలాజ్ అనే చిత్రకారుడు 1994లో పూర్తిచేసిన కిటికీలకు రంగుటద్దాల్లేవు, తెల్లటి వెలుగు మెత్తగా దిగుతోంది. బలిపీఠం చుట్టూ పన్నెండో శతాబ్దపు ఇనుప కటకటాలు. ఆ సంకెళ్లను కరిగించి చేసినవేనని ఊళ్లో తరతరాల మాట. చుట్టలు చుట్టలుగా వంచిన ఇనుము, పైన మొనలు. పట్టుకుంటే చల్లగా తగిలింది. కాసేపు వదల్లేకపోయాను.

అక్కణ్ణుంచే తమ్ముడికి ఫొటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"అక్కా, తుప్పు పట్టలేదా?" అన్నాడు చివరికి.

"చేతులు తగిలి తగిలి నున్నగా ఉందిరా" అన్నాను.