టెన్నిస్ కోర్టు మీద మంచు

సిమ్లా ఫోటోలు ఈరోజు ఫోనులో మళ్లీ కనిపించాయి. లక్కడ్ బజార్ దిగువన ఉన్న ఐస్ స్కేటింగ్ రింకువి. 1920లో బ్లెస్సింగ్టన్ అనే ఐర్లండ్ దొర, ఆరుబయట నీళ్లు గడ్డకట్టడం చూసి, టెన్నిస్ కోర్టును తడిపి రింకు చేశాడట! అక్కడి స్కేటింగ్ క్లబ్బుకు అదే పునాది. మేం వెళ్లినప్పుడూ పద్ధతి అదే: నేల మీద పలచగా నీళ్లు చల్లడం, మిగతాది రాత్రి చలికి వదిలేయడం. మబ్బు పట్టిందా, మర్నాడు ఆట అనుమానమే. చలికాలాలు వేడెక్కి స్కేటింగ్ రోజులు తగ్గిపోతున్నాయని అక్కడివాళ్ల దిగులు.

తెల్లటి గీతలు పడ్డ ఆ మంచు మీద నేను కమ్మీ వదలకుండా నిలబడితే, ఒక బుడతడు వెనక్కి జారుకుంటూ పోతూ హిందీలో సలహా పారేశాడు: "అంకుల్, మోకాళ్లు వంచండి!" వంచాను, చతికిలబడే దాకా.