సముద్రపు గాలి, స్వెర్న్ రియాక్షన్

“మళ్ళీ ఆ కుళ్ళు క్యాబేజీ వాసనేనా?” గాజువాకలో ఇంటి గుమ్మం దగ్గరే మా ఆవిడ ఆపేసింది. స్నానం చేశాకే కాఫీ.

పరవాడ ల్యాబ్‌లో ఆ రోజు స్వెర్న్ ఆక్సిడేషన్ అనే రియాక్షన్ పెట్టాను. ఆల్కహాల్‌ని ఆక్సిడైజ్ చేస్తూ, మధ్య మెట్టు అయిన ఆల్డిహైడ్ దగ్గరే ఆపాలి, ఆమ్లం దాకా పోనివ్వకూడదు. డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అంటే మామూలుగా మాకు సాల్వెంటే, మిగతావాటిని కరిగించే ద్రవం. ఇక్కడ మాత్రం ఆక్సిడైజర్ అదే. డ్రై ఐస్, అసిటోన్ బాత్‌లో మైనస్ 78 డిగ్రీలు. ముందు ఆక్సాలిల్ క్లోరైడ్, తర్వాత డీఎంఎస్ఓ చుక్కచుక్కగా, ఆపైన ఆల్కహాల్, చివర్లో ట్రైఇథైలమీన్. మధ్యలో చల్లదనం తగ్గిందో, పని చెడినట్టే. బయటేమో వైజాగ్ ఉక్కపోత. డ్రై ఐస్ చాలదేమోనని నాకు ఒకటే టెన్షన్.

రియాక్షన్ అయ్యేసరికి డీఎంఎస్ఓ కాస్తా డైమిథైల్ సల్ఫైడ్ అయిపోతుంది. కంపంతా దానిదే. గాజుసామానైతే బ్లీచ్‌లో నానబెడతాం, సల్ఫైడ్ ఆక్సిడైజ్ అయి వాసన పోతుంది. చొక్కాని అలా నానబెట్టలేం కదా!

తమాషా ఏంటంటే, సముద్రపు గాలి వాసనలో కొంత ఈ సల్ఫైడే. నీళ్ళలోని ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవుల వల్ల పుడుతుంది. ఆదివారం ఆర్కే బీచ్‌లో మా ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చి, “ఎంత హాయిగా ఉందో ఈ గాలి” అంది. నేను నోరు మెదపలేదు.